పాపి రాయి

బంగారు గనుల పక్కన ఆండర్సన్‌పేటలో సురంగమ్మ గుడి గడప దగ్గర ఒక రాయి ఉంటుంది. లోపలికి పోయే ప్రతివాళ్లూ దాని మీద పిడికెడు మట్టి కొట్టి పోవాలి. దాన్ని పాపి రాయి అంటారు. ఆ పాపి మా నాన్న ముత్యాలప్ప.

గనిలో పైకప్పు పగులుతోందని అందరూ మొత్తుకున్నా వినకుండా నాన్నను దింపినవాడు మేస్త్రీ సుబ్బరాయప్ప. కప్పు కూలింది. ముత్యాలప్ప తాగి దిగాడని, అమ్మవారికి కోపమొచ్చి మింగేసిందని మర్నాడే పుకారు పుట్టించినవాడూ ఆయనే. గనులు మూతపడ్డాక గుడి కట్టించి, ఎవరో పంతులు చేత ఆ కథను తెలుగు పురాణంగా రాయించి అచ్చేయించాడు. ఇప్పుడు ధర్మకర్త. మా అమ్మ చచ్చేదాకా ఆ గడప దాటలేదు. మొగుడి మీద మట్టి కొట్టి ఎలా పోతుంది?

నాకు ఒళ్లు మండి చదవడం మొదలుపెట్టాను. గరుడ పురాణం, బైబిలు, ఖురాను, జాతక కథలు, ఏది దొరికితే అది. పుణ్యం కోసం కాదు. మనిషి మాట దేవుడి మాట ఎప్పుడవుతుందో తెలుసుకోవాలని. చదివేకొద్దీ నాకు ఒకటి అర్థమైంది. చేతికి అలవాటైన తంతు పోదు. దానికి చెప్పే కథే మారుతూ వస్తుంది.

ఈ ఏడు జాతరకు ముందు, పురాణం చదివే దొడ్డమునియప్పకు చూపు పోయింది. మా వీధిలో అందరూ తెలుగే మాట్లాడతారు గానీ చదువులు కన్నడం, ఇంగ్లీషు. తెలుగు అక్షరం సుబ్బరాయప్పకూ రాదు. చదువు పిచ్చితో అది నేర్చుకున్నదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. నన్ను పిలిపించాడు.

"పాతవన్నీ ఇంగ యాలమ్మా సౌభాగ్యా? వచ్చి చదువు. బుక్కులో ఉండేదే అమ్మవారి మాట."

"ఆ మాట మైకులో చెప్పప్పా, చదువుతాను."

చెప్పాడు పాపం, గొంతు చించుకుని.

నేను గొంతు సవరించుకుని రాగం తీశాను. "అంతట మేస్త్రీ సుబ్బరాయుడు, కప్పు పగులుచున్నదని కూలివారు మొరపెట్టినను వినక, వారిని దింపి, తాను పైన కాఫీ త్రాగుచుండెను. అమ్మ ఆగ్రహించి, నా గడప చెంత శిలవై మట్టి తినుమని వానిని శపించెను."

సుబ్బరాయప్ప ఎగిరి లేచాడు. "ఏమి చదవతా ఉండావు? అది బుక్కులో లేదు!"

"యాడ లేదో చూపించప్పా," అని పుస్తకం చేతికిచ్చాను. పేజీలు తిప్పాడు. ఏం చూపిస్తాడు, మొహం!

అందరూ దొడ్డమునియప్ప వైపు తిరిగారు. పుస్తకమంతా నోటికి వచ్చినవాడు ఆయనొక్కడే. నాన్నతో గనిలోకి దిగి బతికి బయటపడినవాడూ ఆయనే. ఆయన లేదంటే నా పని అయిపోయినట్టే.

"ఉండాది," అన్నాడు ముసలాయన. "ఇన్నేండ్లు నేనే భయపడి దాటేసినాను." చేతులు జోడించి "తప్పయింది తల్లీ" అన్నాడు. జనమంతా అదే మాట అందుకున్నారు.

మొదటి పిడికెడు ధర్మకర్తే కొట్టాలి. అది ఆయన పెట్టిన ఆచారమే. నేనే మట్టి తీసి ఆయన చేతిలో పోశాను. కొట్టాడు. జాలి? ఇసుమంత కూడా కలగలేదు. కడుపు చల్లబడింది.

అందరూ కొట్టి లోపలికి పోయారు. సుబ్బరాయప్ప భార్య ఉమాదేవి మాత్రం గుప్పిట్లో మట్టితో గడప బయటే నిలబడిపోయింది. మా అమ్మ నిలబడే చోటే. కళ్లనీళ్లతో నా వైపు చూసింది.

"కొట్టకుండా లోపలికి పోకూడదమ్మా," అన్నాను.