కంచె బయటి సమాధి

గుడివాడలో బస్సెక్కేటప్పుడే నా మోకాళ్ళు వద్దన్నాయి. వింటేగా! మొక్కు మొక్కుకున్నదాన్ని నేనాయె. బందరు పాత చర్చి సమాధుల దొడ్డిలో ఆగ్నెస్ దొరసాని రాయి మీద మనవరాల్ని పడుకోబెట్టి, మా అమ్మాయి తన్మయి చేత ఎత్తించాలి.

దొరసాని తెల్లవాళ్ళ కాలంలో బందర్లో పురుళ్ళు పోసిన డాక్టరమ్మ. పోయాక కూడా ఊళ్ళో ఆడవాళ్ళు ఆవిణ్ణి వదల్లేదు. హిందువులు, సాయిబులు, కిరస్తానీలు అని లేకుండా పసిబిడ్డల్ని తీసుకొస్తారు. అమ్మమ్మ ఆ రాయి మీద పడుకోబెడుతుంది, తల్లి "నా బిడ్డ" అని ఎత్తుకుంటుంది. ఈ ఆనవాయితీ ఎవరు పెట్టారో తెలియదు. తన్మయిని నేనూ అక్కడే ఎత్తుకున్నాను.

ఈ పిల్ల తన్మయి కన్నది కాదు. కడుపు నిలవక నిలవక, చివరికి శిశుగృహ నుంచి తెచ్చుకున్నారు. మా అల్లుడు ఫణీంద్ర తెచ్చిన రోజు నుంచే "మా అమ్మాయి" అంటున్నాడు. తన్మయి మాత్రం పాలు పడుతుంది, నీళ్ళు పోస్తుంది, "పాప పడుకుంది", "పాపకి జలుబు" అంటుంది. నా కూతురు అన్న మాట ఒక్కసారైనా నోట్లోంచి రాలేదు. ఎందుకే అంటే, "నా అనుకున్నవి ఏవీ మిగల్లేదుగా అమ్మా" అంది. ఇలాగే సాగితే ఆ పసిది ఇంట్లో ఉండి కూడా అనాథే అవుతుందని నా భయం.

ఆటో దిగేసరికి ఎండ చుర్రుమంటోంది. లోపలికెళ్ళి చూస్తే ఏముంది, దొరసాని చుట్టూ ఇనుప కంచె! ఆవిడతో పాటు ఓడ కెప్టెన్ ఒకాయన, బడి పెట్టిన పాదిరిగారు, ఉప్పెనలో పోయిన ఎవరో దొరగారి భార్య కూడా లోపలే ఉన్నారు. పైన కొత్త బోర్డు: 'ప్రముఖుల సమాధులు. ముట్టరాదు.' కంచె తలుపుకి నా పిడికిలంత తాళం.

కాపలా ఉండే కాంతారావు మెల్లగా వచ్చాడు.

"తాళం కమిటీ సెక్రటరీ గారి దగ్గరుందండీ. అవనిగడ్డ పెళ్ళికెళ్ళారు. రేపు రండి పిన్నిగారూ."

"రేపా? రేపటికి మోకాళ్ళు నువ్వు అరువిస్తావా నాయనా?"

"నన్నేం చెయ్యమంటారండీ? రాళ్ళు పాడైపోతున్నాయని వేయించారు."

"పసిపిల్లలు పడుకుంటే పాడైపోయే రాయా అది? ఇన్నేళ్ళూ వానకీ గాలికీ పాడవలేదు గానీ!"

పాపం, అతను తల గోక్కుంటూ నిలబడ్డాడు. తన్మయి నా మోచెయ్యి పట్టుకుంది.

"పోనీలే అమ్మా. మనకి రాసిపెట్టి లేదు. వెళ్ళిపోదాం పద."

ఆ గొంతులో బాధ లేదు. గండం గడిచినట్టు అంది. నాకు ఏడుపొచ్చింది. ఈ ఎండలో ఇంత దూరం పడుతూ లేస్తూ వచ్చింది ఈ మాట వినడానికా!

పాలసీసా కడుక్కొస్తానని అది కుళాయి వైపు వెళ్ళింది. నేను పిల్లనెత్తుకుని వేపచెట్టు నీడలోకి నడిచాను. అక్కడ కంచె బయట ఒక సిమెంటు సమాధి ఉంది, మీద పేరు కూడా చెరిగిపోయింది. పాపం, ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. "ఏమనుకోకు నాయనా, కాళ్ళు నిలవట్లేదు" అని చెప్పి దాని అంచున చతికిలబడ్డాను. చేతులు పీకేస్తున్నాయి. తువ్వాలు పరిచి పిల్లని పక్కనే పడుకోబెట్టాను. నా కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి.

కెవ్వుమని ఏడుపు!

తువ్వాలు నిండా ఎర్రచీమలు. నేను వంగేలోపే సీసా ఎక్కడో విసిరేసి తన్మయి పరిగెత్తుకొచ్చింది. నన్ను పక్కకి తోసేసి పిల్లని లాక్కుంది. గౌను ఊడబెరికి, చీమల్ని చేత్తో దులిపేస్తూ నా మీద విరుచుకుపడింది.

"కళ్ళు కనపడట్లేదా అమ్మా నీకు? నా కూతుర్ని చీమల్లో పడుకోబెడతావా? బుద్ధుందా అసలు?"

నేను తువ్వాలు లాగి దులిపాను.

"చూడు, నా బంగారుతల్లి కాలు ఎలా వాచిపోయిందో! లేదమ్మా, లేదు, అమ్మ వచ్చేసింది, అమ్మ వచ్చేసిందిగా..."

కాంతారావు చెంబుతో నీళ్ళు పట్టుకొచ్చాడు. అది కాలు కడుగుతూ, ఊదుతూ, ముద్దులు పెడుతూ, మధ్యమధ్యలో నన్ను తిడుతూనే ఉంది. తనేమందో దానికి తెలిసినట్టు లేదు. నేనూ చెప్పలేదు.

"ఇంకెప్పుడూ దీన్ని నీ చేతికివ్వను."

"ఇవ్వకే తల్లీ," అన్నాను.

దొరసాని కోసం తెచ్చిన బంతిపూలు సంచిలో నలిగిపోయాయి. వాటిని ఆ పేరు లేని సమాధి మీదే పెట్టి, మోకాళ్ళు పట్టుకుని లేచాను. తన్మయి పిల్లని గుండెకి హత్తుకుని, వెనక్కి కూడా చూడకుండా గేటు దాటేసింది. ఖాళీ చేతులతో దాని వెనకాలే నడిచాను.