ఎవరి మౌస్ వాళ్ల చేతిలోనే

"నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటున్నావుగా, ఇవి కూడా వేసెయ్" అంటూ భర్త మైరన్ తలుపు సందులోంచి రెండు జీన్సు ప్యాంట్లు లోపలికి విసిరాడు. అవి వచ్చి లియోనా పాదాల మీద పడ్డాయి. ఆమె వాషింగ్ మెషీన్ మూత మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఇరవై ఆరుమంది ఐదో తరగతి పిల్లలకి భిన్నాలు చెబుతోంది. కెమెరాలో ముఖం నవ్వుతూనే ఉంది. కాలితో ప్యాంట్లని పక్కకి నెట్టింది.

అదనపు పడకగది ఉంది ఆ ఇంట్లో. దానికి తలుపుంది, కిటికీ ఉంది, బల్ల ఉంది. విత్తనాల కంపెనీలో పనిచేసే మైరన్‌కి రోజుకి రెండు ఫోన్ కాల్స్ ఉంటాయి కాబట్టి ఆ గది అతనిదైంది. "నా పనికి నిశ్శబ్దం కావాలి కదా" అన్నాడు మార్చిలో, బడులు మొదటిసారి మూతపడినప్పుడు. ఆరు గంటలు మాట్లాడేవాళ్లకి నిశ్శబ్దం అక్కర్లేదా అని లియోనా అడగలేదు. ఇప్పుడు నవంబరు. కోవిడ్ కేసులు పెరిగి బడి మళ్లీ తెరల మీదికి వచ్చింది. బట్టలు ఉతికే గదిలో ఏ చప్పుడు ఎప్పుడొస్తుందో, ఏ పాఠం దానికి ముందు ముగించాలో ఆమెకి కంఠతా వచ్చేసింది.

ఆ బుధవారం క్లాసు అవగానే వెర్నా ఫోన్ చేసింది. వెర్నాకి అరవై ఒకటి. కెనడాలో, సాస్కచెవాన్‌లోని ఆ చిన్న ఊళ్లో ముప్ఫై నాలుగేళ్లుగా ఒకటో తరగతి చెబుతోంది. లియోనా కూతురికి అక్షరాలు నేర్పింది ఆవిడే.

"రాజీనామా రాసేశాను అమ్మాయ్" అంది వెర్నా. "నిన్న ఇరవై ఐదు నిమిషాలు కథ చదివాను. గొంతులు మార్చి, ఎలుగుబంటిలా గుర్రుమని మరీ చదివాను. మైకు ఆపేసి ఉంది. ఎవడో పిల్లాడి తండ్రి స్క్రీన్‌లోకి దూరి, 'ముసలమ్మకి ఎవరైనా చెప్పండర్రా' అని పగలబడి నవ్వాడు. అదంతా వీడియో తీశారట. ఊరంతా చూసింది. మా అబ్బాయి కూడా చూసి, ఇలా ఇవ్వమ్మా, నీకు రాదు అని మౌస్ లాక్కుని ఏవేవో నొక్కి వెళ్లిపోయాడు. ఏం నొక్కాడో నాకు తెలీదు."

లియోనాకి ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. ఇలా ఇవ్వు. మంచులో తను కారు నడిపేటప్పుడు మైరన్ అనేది అదే. పన్నుల కాగితాలు నింపుతుంటే అనేది అదే. నలభై ఏళ్లు దాటాక ఆమె లైబ్రరీ చదువు దూరవిద్యలో మొదలుపెడితే అత్తగారు, "ఇప్పుడు చదివి ఎవర్ని ఉద్ధరించాలి? ఆ పుస్తకం ఇలా ఇచ్చి ముందు క్యాబేజీ ఉడకబెట్టు" అంది. మూడేళ్లు వంటింటి బల్ల మీద, ఒక్కసారి కూడా ఎదురుగా చూడని పంతుళ్ల దగ్గర చదువుకుంది. అవతల పక్క కూర్చున్నవాళ్లకి ఎంత ఒంటరిగా ఉంటుందో, ఒక్కరు తన పేరు పెట్టి పిలిస్తే ప్రాణం ఎలా లేచొస్తుందో అప్పుడే తెలిసింది ఆమెకి. ఆ తెలివిని బళ్లో ఎవరూ ఏనాడూ అడగలేదు.

"రాజీనామా రేపు పంపుదురు గాని" అంది. "ఇప్పుడు కంప్యూటర్ తెరవండి. నాకు ఆరేళ్లు. నాకు పాఠం చెప్పండి."

"నాతో ఆటలా?"

"టీచర్, మా తమ్ముడు నా క్రేయాన్ తినేశాడు" అంది లియోనా ముక్కుతో.

అవతల వెర్నా ఫక్కున నవ్వింది. ఆ గంటలో లియోనా మైకు కట్టేసుకుంది, కెమెరా పైకప్పుకి తిప్పింది, స్క్రీన్ మీద పిచ్చిగీతలు గీసింది. ప్రతిసారీ దాన్ని సరిచేసే మీట వెర్నా తనే వెతుక్కుంది, తనే నొక్కింది. ఒక చోట ఎనిమిది నిమిషాలు పట్టింది. అది ఎక్కడుందో లియోనాకి తెలుసు. పెదవి బిగపట్టి కూర్చుంది. దొరికినప్పుడు వెర్నా కుర్చీలోంచి లేచి నిలబడింది. రాజీనామా పంపలేదు.

మరుసటి వారం వెర్నా ఇంకో ఇద్దరు టీచర్లని తీసుకొచ్చింది. నెల తిరిగేసరికి గురువారం సాయంత్రం నాలుగింటికి పదిహేనుమంది. లియోనా వాళ్లకోసం నాలుగు పేజీల నోట్సు రాసింది. మొదటి పేజీలో రెండే మాటలు: వచ్చినవాళ్లు ఆ వారం తాము చేసిన తప్పు ఒకటి ముందు చెప్పాలి. ఎవరి మౌస్ వాళ్ల చేతిలోనే ఉండాలి. మీటల సంగతి రెండో పేజీ నుంచి.

"దీనికేమైనా ఇస్తున్నారా నీకు?" అన్నాడు మైరన్. లేదంది. "మరి వంట ఆలస్యం చేసుకుని ఈ ఊరేగింపు ఎందుకు?"

ప్రిన్సిపాల్ డ్వైట్ ఒకసారి పది నిమిషాలు వచ్చి, "భలే, లియోనా! అందరికీ తల్లిలా చూసుకుంటున్నావ్" అని మెచ్చుకుని వెళ్లాడు. తర్వాత వారం నోట్సు పంపమన్నాడు. పంపింది. అడిగితే ఇచ్చేయడం అలవాటైన చెయ్యి అది. జిల్లాలోని టీచర్లందరికీ శిక్షణ అనీ, 'మా బడి పద్ధతి' డ్వైట్ చెబుతాడనీ ఆపైన తెలిసింది. "నువ్వు పక్కన ఉండి, చిన్న చిన్న సందేహాలొస్తే టైపు చేసి చెబుతుండు. ఆ ఓపిక నీకే ఉంది" అన్నాడు. ఇంట్లో చెబితే, "పేరు ఎవరిదైతే ఏంటి, పని జరగాలి గానీ" అన్నాడు మైరన్. తన పేరు తలుపు మీద అతికించుకున్న గదిలో కూర్చుని అన్నాడు ఆ మాట.

శిక్షణ రోజు నూట నలభైమంది వచ్చారు. డ్వైట్ తెల్ల చొక్కా వేసుకుని, గుక్క తిప్పుకోకుండా నలభై స్లైడ్లు పరిగెత్తించాడు. ఆమె వాక్యాలే. ఆమె ఉదాహరణలే. మొదటి పేజీ మాత్రం లేదు. మూడో నిమిషంలో ఎవరో 'కాస్త నెమ్మదిగా' అని రాశారు. ఆ వెంటే ఇంకో పదిమంది.

"కంగారు పడకండి" అని నవ్వాడు డ్వైట్. "మన బామ్మల దళానికి లియోనా తర్వాత విడిగా చెబుతుంది. వాళ్లకోసం అందర్నీ ఆపలేం కదా."

కెమెరాలు ఒక్కొక్కటే ఆరిపోవడం మొదలైంది. ఒక గడి నల్లబడింది, దాని పక్కది, కింది వరసలో నాలుగు ఒకేసారి. ఆ నలుపు లియోనాకి తెలుసు. అది నిద్ర కాదు, బద్ధకం కాదు. నాకు రాదని నలుగురిలో తేల్చేశాక మనిషి ముఖం దాచుకునే చోటు. ఆమెకి విడిగా సందేశాలు వస్తూనే ఉన్నాయి. తలుపు అవతల నుంచి మైరన్, "ఏమే, నా జీన్సు ఆరాయా?" అని అరిచాడు.

లియోనా మైకు తెరిచింది.

"డ్వైట్, ఒక్క నిమిషం ఆపండి."

"సందేహాలు టైపు చెయ్యమన్నాను కదా, లియోనా."

"ఇది సందేహం కాదు. ఆ నోట్సు నేను రాసింది. మీరు మొదటి పేజీ వదిలేశారు. అది లేకపోతే మిగతాది ఎవరికీ పనికిరాదు. అది నేను చెబుతాను."

డ్వైట్ స్లైడు మార్చేలోపే మళ్లీ అందుకుంది.

"ముందు మనం చేసిన తప్పు చెప్పుకోవాలి. నాది చెబుతాను. ఏప్రిల్లో ఒకరోజు పిల్లలకి పద్యం చదువుతుంటే, మా ఆయన బయట్నుంచి 'నీ బొమ్మలాట అయిందా, తిండి పెడతావా' అని అరిచాడు. పిల్లలందరూ విన్నారు. మైకు తెరిచి ఉంచడం కాదు నేను చేసిన తప్పు. పిల్లలకి నేను సారీ చెప్పాను. అదే తప్పు. ఆ క్లాసులో పద్నాలుగుమంది ఆడపిల్లలు. అలాంటప్పుడు క్షమాపణ ఎవరు చెప్పాలో ఆరోజు నేను వాళ్లకి తప్పుగా నేర్పాను."

తలుపు అవతల అడుగుల చప్పుడు ఆగిపోయింది.

అప్పుడు వెర్నా గొంతు వినిపించింది, స్పష్టంగా. "నేను ఇరవై ఐదు నిమిషాలు గోడకి కథ చెప్పాను. ఆ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. నేనే ఆ ముసలమ్మని. ఇప్పుడు నా స్క్రీన్ చూపిస్తాను. నెమ్మదిగా చేస్తాను. మీరూ మీ చేత్తో చెయ్యండి."

నల్లగడుల్లో ఒక ముఖం వెలిగింది. తర్వాత ఇంకొకటి. ఎవరో కళ్లజోడు తుడుచుకుంటున్నారు. ఒకావిడ నవ్వుతూ చెయ్యెత్తి తన తప్పు కూడా చెప్పుకుంటానంది.

సాయంత్రం డ్వైట్ ఫోన్ చేశాడు. "జిల్లా అంతా చూస్తుండగా నా పరువు తీశావ్. నాతో విడిగా చెప్పొచ్చుగా."

"విడిగా నాలుగు పేజీలు చెప్పాను. మీరు వాటి మీద మీ పేరు వేసుకున్నారు."

"సరే, ఆ గురువారం క్లాసు ఇకనుంచి నా పర్యవేక్షణలో జరుగుతుంది."

"రండి. మీకూ చోటుంది. పర్యవేక్షించడానికైతే కుదరదు, నేర్చుకోవడానికైతే రండి. ఇకమీదట అది బడివేళల్లోనే జరుగుతుంది, నా పేరుతో. ఇవాళే జిల్లా ఆఫీసుకి రాశాను. వెర్నాతో కలిపి తొంభైమంది ఆన్‌లైన్లోనే సంతకం చేశారు."

ఫోన్ పెట్టి ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని అదనపు గదిలోకి నడిచింది. మైరన్ కాగితాలు ఒక అట్టపెట్టెలో సర్ది వసారాలో పెట్టింది. అతను గుమ్మంలో నిలబడి చూశాడు. "అందరి ముందూ నా గురించి అలా చెప్పాలా?" అన్నాడు.

"చెప్పాలి" అంది. ఇంకో కారణం చేర్చలేదు.

గురువారం మధ్యాహ్నం రెండింటికి అరవై ముగ్గురు వచ్చారు. ఒక్కొక్కరు తమ తప్పు చెబుతున్నారు, నవ్వుతున్నారు. చివరి వరసలో ఒక నల్లగడి. దాని కింద డ్వైట్ పేరు.

"డ్వైట్, మీ వంతు" అంది లియోనా.

జవాబు లేదు. పది సెకన్లు గడిచాయి. అన్నం బల్ల దగ్గరైనా స్టాఫ్ రూములోనైనా, మగవాళ్లు ఇబ్బంది పడి ఊరుకున్నప్పుడల్లా ఏదో ఒక మాట వేసి వాళ్లని గట్టెక్కించింది ఇన్నేళ్లూ. పరవాలేదులెండి అనేది. తర్వాత చెబుదురు గాని అనేది. ఇప్పుడూ ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

మింగేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అరవై ఇద్దరూ ఆమెతో పాటు ఎదురుచూస్తున్నారు. ఆమెకి తొందరేమీ లేదు.