పెద్దల పేర్లు ముందు

కాలు బెణికిందని భాగీరథి మంచమెక్కి నాలుగు రోజులైంది. బెణికిన మాట నిజమే, కానీ రెండో రోజుకే తగ్గిపోయింది. ఆ సంగతి చీలమండకు కట్టిన పసుపు పట్టీకీ ఆమెకూ తప్ప మూడో కంటికి తెలియదు. తెలిస్తే చెల్లెలి కూతురు మనోరమ మర్నాడే హైదరాబాద్ బస్సెక్కేస్తుంది. జహీరాబాద్‌లో భాగీరథి బస్సెక్కించిన మొగుడూ తిరిగి రాలేదు, చెల్లెలూ తిరిగి రాలేదు. కదిలిపోయే బస్సు వెనక భాగం కనబడితే ఆమె ఇప్పటికీ మొహం తిప్పేసుకుంటుంది.

మనోరమ హైదరాబాద్‌లో ఎలుకల మీద పరిశోధన చేస్తోంది. ఒంట్లో కాపలా తిరిగే కణాలు కాన్సర్ గడ్డను ఎందుకు గుర్తుపట్టలేకపోతున్నాయన్నది ఆమె పట్టుకున్న చిక్కు. పదేళ్లలో దాని మీద ఐదు పేపర్లు అచ్చయ్యాయి. ఇప్పుడు, 1983లో, అక్కడే పర్మనెంటు ఉద్యోగం ఒకటి పడింది. దరఖాస్తుతో పాటు ఆ పేపర్ల జాబితా ఆరు ప్రతులు ఆ సాయంత్రం ఐదింటిలోగా అందాలి. అందకపోతే ఇలాంటిది మళ్లీ ఎప్పుడు పడుతుందో తెలియదు.

జాబితాను ఎదురింటి వీరన్న ప్రెస్సుకిచ్చి, మనోరమ లోపల దరఖాస్తు రాస్తూ కూర్చుంది. వీరన్న వేసేవన్నీ పెండ్లి కార్డులు. కాగితం చూసి గుమ్మం దాకా వచ్చి గుసగుసలాడాడు.

“అక్కా, ఇదేందే ఉల్టా ఉన్నది? మన పిల్ల పేరు ముందల, వాళ్ల సారు మదన్‌మోహన్ పేరు ఆఖర్ల. ఐదిట్లనూ గట్లనే ఉన్నది.”

భాగీరథి ఆ కాగితం లాక్కుంది. పొట్లాల కాగితాలూ లారీల మీది రాతలూ చూసి తనకు తానే చదువు నేర్చుకున్న మనిషి. ఇంగ్లిషు అక్షరాలు కూడబలుక్కుని చూసింది. నిజమే!

“అయ్యో, గురువును ఎనకకు నూకితే కొలువెవడిస్తడు? చెప్పేటోళ్లు లేని పిల్ల అనుకుంటరు. పెద్దోళ్లను ముందలెయ్యి వీరన్నా. మనోరమ చిన్నది, ఆఖరుకు పెట్టు.”

“మీద వినాయకుణ్ని ఎయ్యాల్నా?”

“వద్దులే, ఆఫీసోళ్లు.”

పన్నెండు గంటల బస్సుకు సరిగ్గా ప్రతులు వచ్చాయి, సిరా ఆరకుండానే. భాగీరథి దరఖాస్తుతో కలిపి కవర్లో పెట్టి అంటించింది. వీరన్న పరుగెత్తుకెళ్లి కండక్టర్ నర్సప్ప చేతిలో పెట్టి వచ్చాడు. హైదరాబాద్ బస్టాండులో మనోరమ స్నేహితురాలు అందుకోవాలి.

“నీ ఇజ్జత్ కాపాడిన బిడ్డా,” అంటూ భాగీరథి దాచిపెట్టుకున్న ఏడో ప్రతి మురిపెంగా చూపించింది.

మనోరమ చదివింది. కుర్చీలో కూలబడింది. “పెద్దమ్మా! ముందల ఎవరి పేరుంటే పని వాళ్లు చేసినట్టు. నా పదేండ్ల పని పాయె.”

అంతే. భాగీరథి మంచం మీంచి దూకింది. చెప్పుల్లేవు, కొంగు జారుతోంది. “ఆపున్రి! బస్సు ఆపున్రి!” అని హైవే మీద ఆమె పరుగు, వెనక మనోరమ, ఆ వెనక ఎందుకో తెలియకుండా వీరన్న. జన్మలో మొదటిసారి ఆమె కదిలిపోయే బస్సు వెనక భాగాన్ని తరుముతోంది.

చక్కెర ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్లు దారికి అడ్డంగా ఇరుక్కుని ఉన్నాయి. వాటి వెనక బస్సు ఆగి గుర్రుగుర్రుమంటోంది. భాగీరథీ మనోరమా ఎక్కేశారు.

“టికెట్ అమ్మా,” అన్నాడు నర్సప్ప.

“ముందుగాల కవరియ్యి!”

మనోరమ అంటించిన కవరు విప్పి ప్రతులు బయటికి తీసింది. ప్రయాణికుల్లోని అల్లం వ్యాపారి శరణప్ప తను కూర్చున్న బస్తా మీంచి లేచి దాన్ని ముందుకు జరిపాడు, బల్లలాగా. బస్సు ఎగిరినప్పుడల్లా పెన్ను ఎగిరింది. ఒక్కో ప్రతిలో ఐదేసి బాణాలు, మనోరమ పేరు ముందుకి, సారు పేరు వెనక్కి.

“సారు ఆఖర్ల ఉంటే ఆయనకు తక్కువ గాదా?” అంది భాగీరథి ఇంకా నమ్మకం కుదరక.

“ఆఖరు జాగ పెద్దసారుదే పెద్దమ్మా, పని చేయించినాయనది. నువ్వు మార్చినట్టు పోతే ఏమైతుండె? ఎలుకల బోన్లు సారు కడిగిన్రు, నేను ఆయనకు గురువును!”

ముందు శరణప్ప నవ్వాడు, తర్వాత బస్సంతా. నవ్వుతూనే మనోరమ కిందికి చూసి ఆగింది. “పెద్దమ్మా, నీ కాలు?”

పట్టీ హైవే మీద ఎక్కడో ఊడిపోయింది.

“ఉరికిన్నా నేను?” అంది భాగీరథి అమాయకంగా.

ఐదుకు పావు తక్కువకు కవరు అందింది. ఇంటర్వ్యూలో ఈ బాణాలేమిటని అడిగారట. మనోరమ ఉన్నదున్నట్టు చెప్పింది. వాళ్లు నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, ఎలుకల సంగతి గంటసేపు అడిగారు. ఉద్యోగం వచ్చింది.

మరుసటేడు ఆరో పేపరు పట్టుకుని మనోరమ జహీరాబాద్ వచ్చింది. పేపరంతా అయ్యాక, అట్టడుగున, సాయం చేసినవాళ్లకు కృతజ్ఞతలున్న చోట వేలు పెట్టి చూపించింది. భాగీరథి కూడబలుక్కుని తన పేరు చదువుకుంది. మళ్లీ చదివింది. తర్వాత గుమ్మంలోకి వెళ్లి వీధి దద్దరిల్లేలా అరిచింది.

“వీరన్నా! అందరికన్నా ఆఖర్ల ఏసిన్రు నన్ను! సారు కన్నా నేనే పెద్ద!”