కోపమనుకున్న పొద్దు

నాగవ్వ పీట మీద జొన్న రొట్టె కొడుతోంది. కోడలు అంజలి పొయ్యి ముందు కూర్చుని, పెంక మీది రొట్టెకు తడిగుడ్డ అద్ది తిరగేస్తోంది. అత్త కొట్టడం, కోడలు కాల్చడం ఆ ఇంట్లో రోజూ ఉండేదే. ఆ రోజు మాత్రం ఇద్దరి మధ్యా మాట లేదు. ముందు రోజు సాయంత్రం అంజలి మోమిన్‌పేటలోని పుట్టింటికి పోయి కొన్నాళ్లు ఉండొస్తానని అడిగింది. గొర్రెలు ఈనే వేళకే నీకు తల్లిగారిల్లు యాదికొచ్చిందా అని నాగవ్వ కస్సుమంది.

నాగవ్వ పుట్టింది సేడం వైపు, కర్ణాటకలో. తాండూరు పక్కనున్న ఈ ఊరికి కోడలిగా వచ్చి తల నెరిసినా, కోపమొస్తే ఆమె నోట కన్నడమే వస్తుంది. మొగుడు బీరన్నకు అది అర్థమవుతుంది. కొడుకు గణేశ్‌కు సగం సగం తెలుసు. పెళ్లయి ఏడాదైనా నిండని అంజలికి ఒక్క ముక్కా తెలియదు. తనను తిట్టే తిట్లు తనకు తెలియకపోవడం ఒక రకంగా సుఖమేనని ఆమె అనుకునేది.

రొట్టె చప్పుడు ఆగింది. నాగవ్వ పొయ్యి వైపు చూస్తూ ఏదో అంది. మళ్లీ అంది, ఈసారి ఇంకా ముద్దగా. నిన్నటి కోపం ఇంకా దిగలేదనుకుని అంజలి తల వంచుకుని మంట ఎగదోసింది. ఎదురు చెప్పకుంటే అత్త తనంతట తనే చల్లబడుతుందని ఈ కొద్ది నెలల్లో నేర్చుకుంది.

కానీ పీట మీది రొట్టె ఒక పక్క మందంగా ఉండి, ఇంకో పక్క చీలిపోయి ఉంది. నాగవ్వ చేతి రొట్టె అట్లా ఉండటం అంజలి ఎన్నడూ చూడలేదు. ఆమె కుడి చెయ్యి పిండిలో ఊరికే పడి ఉంది. ఎడమ చేత్తో రొట్టెను లేపబోతే అది రెండుగా విరిగింది. పెదవి ఒక మూల కిందికి జారి తడిగా మెరుస్తోంది. కోపమైతే మనిషి ఇట్లా అవుతుందా అని అంజలి చూస్తుండగానే ఆ మూల సర్దుకున్నట్టయింది.

"ఏం జూస్తున్నవ్? రొట్టె మాడుతది" అంది నాగవ్వ, తేటగా, తెలుగులో.

అంజలికి ప్రాణం లేచొచ్చింది. రొట్టె తిరగేసింది. అంతలోనే మళ్లీ ఆ ముద్ద మాటలు. ఇందాకటిది కోపమా, ఇప్పటిది కోపమా, మధ్యలో వచ్చిన తెలుగు ఏమిటి? ఏదీ తేలక ఆమె లేచి దొడ్డి దగ్గరికి పోయింది.

బీరన్న గొర్రెలను మేతకు తోలబోతున్నాడు. అత్తమ్మ కన్నడంలో ఏదో అంటోంది, మధ్యలో ఒకసారి తెలుగులో మంచిగానే మాట్లాడింది, జర విని చెప్పమని అంజలి అడిగింది. అత్తాకోడళ్ల పంచాయితీలోకి తనను గుంజొద్దని అతను నవ్వాడు. ఆమె అక్కడి నుంచి కదలకపోయేసరికి లోపలికి వచ్చాడు. నాగవ్వ అతన్ని చూసి పొడుగ్గా ఏదో చెప్పింది. అతను వంగి విన్నాడు. ఇంకోసారి చెప్పమని విన్నాడు.

"గిది కన్నడం గాదు బిడ్డా" అన్నాడు. "ఏ మాటా గాదు."

అంజలికి తన పెదనాయన శివయ్య కళ్ల ముందు మెదిలాడు. ఆయన నోరు వంకరపోతే పసరు పోయించి, మర్నాడు వికారాబాద్ దవాఖానకు తీసుకుపోయారు. నవ్వమంటే మూతి ఒక పక్కకు పోయినా, చేతులు లేపమంటే ఒకటి జారినా, మాట తడబడినా ఒక్క క్షణం ఆగొద్దని, కాసేపు తగ్గినట్టు కనిపించినా నమ్మొద్దని అక్కడి డాక్టరు చెప్పాడు. అప్పటికే ఆలస్యమైంది. పెదనాయన చెయ్యి ఇప్పటికీ వేలాడుతూనే ఉంది.

అత్తను రెండు చేతులూ లేపమంది. ఎడమది లేచింది. కుడిది ఒడిలోనే ఉంది.

బీరన్న గాలి సోకిందన్నాడు. బొంరాస్‌పేట దగ్గర పసరు పోసేవాడున్నాడని, మధ్యలో మంచిగా మాట్లాడిందంటున్నావు గనుక కాసేపు చూద్దామని అన్నాడు. చెంబెడు నీళ్లు తెచ్చి భార్య నోటికి అందించబోయాడు. మామ ఎదుట గొంతు పెంచని అంజలి ఆ చెంబు పట్టుకుంది.

"నీళ్లొద్దు మామా. మింగుడు రాకుంటే ఊపిరాడదు. పసరుకు పోతే ఈ చెయ్యి మళ్ల రొట్టె కొట్టదు."

అతను ఇంకా ఏదో చెబుతుండగానే ఆమె 108కి ఫోన్ చేసింది. అత్త చివరిసారి ఎప్పుడు బాగుందని అవతలి గొంతు అడిగింది. అంజలి తడబడింది. కోపం ఎక్కడ అయిపోయింది, జబ్బు ఎక్కడ మొదలైంది? ఆమె మామ వైపు చూసింది.

"పొద్దుగాల ఛాయ్ ఇచ్చినప్పుడు మంచిగనే ఉండె" అన్నాడు బీరన్న. "నన్ను తిట్టింది. కన్నడంలనే. నాకు మంచిగ సమజైంది."

అంజలి ఆ మాటా చెప్పింది, మధ్యలో వచ్చిన తెలుగు మాట సంగతీ చెప్పింది. తర్వాత తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ పనిలో ఉన్న గణేశ్‌కు ఫోన్ చేసి దవాఖాన దగ్గరికే రమ్మంది. నాగవ్వను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఆమె పిండి చేతిని తన చేతుల్లోకి తీసుకుంది. తను తొందరపడుతోందో, అప్పటికే ఆలస్యం చేసిందో ఆమెకు తెలియడం లేదు.

బండి వాకిట్లోకి వచ్చేసరికి బీరన్న చేతిలో ఫోన్ ఉంది. పసరు పోసేవాడికి ఒక మాట చెప్పి చూస్తానంటున్నాడు. బండిలో వచ్చిన అమ్మాయి నాగవ్వ ముందు వంగి, ఒక్కసారి నవ్వమని అడిగింది. నాగవ్వ నవ్వింది. ముఖంలో ఎడమ సగమే నవ్వింది, కుడి సగం ఎవరిదో అన్నట్టు ఊరకుంది. తల స్కానింగ్ ఉన్న దవాఖానకు ముందే కబురు చేస్తున్నామని, ఇంటివాళ్లలో ఒకరు వెంట రావాలని ఆ అమ్మాయి చెప్పింది.

బీరన్న ఆ ముఖాన్ని అట్లాగే చూస్తూ నిలబడ్డాడు. ఫోన్‌ను మెల్లగా జేబులో వేసుకున్నాడు. తోలకుండా వదిలేసిన గొర్రెలు దొడ్డిలో అరుస్తున్నాయి. అతను అటు తిరగలేదు. స్ట్రెచర్ కడ్డీని ఒక పక్క పట్టుకుని, దానితో పాటే బండి ఎక్కాడు.