షిర్దక్ నడిమి ముక్క

అమ్మ చనిపోయి ఏడాదైనందుకు పెట్టే భోజనాలకు ఇంక మూడు వారాలే ఉన్నాయి. వచ్చినవాళ్ళను అమ్మ కుట్టిన షిర్దక్ మీదే కూర్చోబెట్టాలని బురుల్ కోరిక. ఆ ఉన్ని తివాచీకి నాలుగంచులూ పూర్తయ్యాయి. నడిమి ముక్క మాత్రం కొయ్యకుండా మిగిలిపోయింది. నమూనా అమ్మ చేతిలోనే ఉండేది. కాగితం మీద ఎప్పుడూ గీసుకోలేదు.

ఆ వారం బడిలో బురుల్ ఏడో తరగతికి బొమ్మల పాఠం చెబుతోంది. మాటల్లో చెబితే బొమ్మ గీసిపెట్టే సాధనం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పిల్లలు దానితో రెక్కల గుర్రాలనూ, మంచులో మునిగిన తమ బడినీ చేయించి నవ్వుకున్నారు. ఎల్దియార్ తన తాతను గుర్రమెక్కించమంటే, అది ఆయనకు మూడు చేతులు పెట్టింది.

"మంచిదేలే. ఒకటి కళ్ళేనికి, ఒకటి గుర్రప్పాల కుమిస్ గిన్నెకు, మూడోది నా చెవి మెలిపెట్టడానికి" అన్నాడు వాడు.

అప్పుడు బురుల్ తివాచీ అంచుల ఫోటో ఇచ్చింది. ఎవరిదో చెప్పలేదు. నడుమ ఖాళీని నింపమని ఆ సాధనాన్ని అడగమని పిల్లలకు చెప్పింది. పది బొమ్మలు వచ్చాయి. ఒకదాన్ని ఆమె పెద్దది చేసి చూసింది. పొట్టేలు కొమ్ములు అచ్చం అమ్మ తిప్పినట్టే మెలి తిరిగాయి. దాన్ని ప్రింటు తీయించింది.

ఐజార్కిన్ ఇంట్లో షిర్దక్‌లే బతుకుతెరువు. ఆ పిల్ల కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది కొయ్యడానికి పనికిరాదు, ఎజే" అంది టీచరుతో.

"ఎందుకని?"

"ఎరుపూ తెలుపూ ఒకదానిమీద ఒకటి పరిచి ఒక్కసారే కోసి, ఒకదాని ముక్కను ఇంకోదాంట్లో పొదిగి రెండు తివాచీలు చేస్తాం కదా. కొమ్ములు బాగానే ఉన్నాయి. వాటి మధ్య మిగిలిందానికే రూపం లేదు. ఒకటి తివాచీ అవుతుంది, రెండోది పీలికలవుతుంది."

"కంప్యూటరుకు గొర్రెలు లేవుగా, మిగిలింది పారేస్తుంది" అన్నాడు ఎల్దియార్.

ఎవరూ ఇంకేమీ అనకముందే బురుల్ నోరు విప్పింది. "ఆ తివాచీ మా అమ్మది. నడుమ ఏముండాలో నాకు తెలియదు."

ఐజార్కిన్ కాగితాన్ని తిరిగిచ్చింది. తన నానమ్మ కొమ్ముల్ని ముందు గీయదనీ, మిగిలేదాన్నే ముందు గీస్తుందనీ మెల్లగా చెప్పింది.

ఆదివారం బురుల్ నేలమీద తెల్ల ఉన్ని పరిచి, పైన ఎర్రది వేసింది. సుద్దతో ముందు కొమ్ముల మధ్య చోటును గీయడం మొదలుపెట్టింది. గీత అమ్మది కాదు. కాస్త వంకరగా, నిదానంగా పోయింది. చెరిపెయ్యబోయి ఆగి, కత్తి అందుకుంది.

కోసి, ఒక రంగును ఇంకోదాంట్లో పొదిగేసరికి రెండు ముక్కలు చేతికి వచ్చాయి. తెలుపులో ఎరుపు కూర్చున్నది అమ్మ అంచుల నడుమ సరిపోయింది. ఎరుపులో తెలుపు కూర్చున్నదాన్ని మడిచి పక్కన పెట్టుకుంది. దానికి అంచులు తనే కుట్టాలి.