మూరెడు మాట

ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పొద్దున ఆరింటి నుంచీ నిలబడే ఉంది ఆమె. మధ్యాహ్నం విచారణకు పిలిస్తే తడి బట్టలతోనే ఆఫీసు గదిలోకి వెళ్ళింది. నాలుగు రోజుల కిందట ఇస్త్రీ రోలరులో పడి తనతో పనిచేసే బక్కమ్మ కుడిచెయ్యి నలిగి కాలిపోయింది. పక్కనుండి చూసింది ఈమె ఒక్కతే.

బల్ల వెనక విచారణాధికారి. పక్కన ఆమె మరిది, ఆ ఆఫీసులోనే గుమాస్తా. దొరలు ఎప్పుడో వెళ్ళిపోయినా అక్కడ రాతకోతలన్నీ ఇంగ్లీషులోనే. ఆమె చెప్పింది ఇంగ్లీషులోకి మార్చి వినిపించడం అతని పని.

“రోలరు ఆపే మీట పాడైందని సూపర్‌వైజరుకి మూడుసార్లు చెప్పాం. చేస్తే చెయ్యండి, లేకపోతే ఇంటికి పొండన్నాడు. దాని చెయ్యి లోపలికి పోతుంటే నేనే మీట లాగాను. ఆగితేగా!”

మరిది రెండు ముక్కలు చెప్పాడు. అధికారి తలూపి రాసుకున్నాడు.

“అదేంటయ్యా, నేను చెప్పింది మూరెడైతే నువ్వు చెప్పింది బెత్తెడేనా?”

“ఇంగ్లీషులో అంతే వదినా. సంతకం పెట్టు.” అతను తలెత్తకుండానే అధికారి రాసిన కాగితం ఆమె ముందుకు జరిపాడు. ఆ ఇంగ్లీషు చదివించడానికే ఆమె పదేళ్ళు ఆ ఆవిరిలో ఉడికింది.

ఇంతలో అధికారి ఫోను మోగింది. “ఆ, అమ్మా! మందేసుకున్నావా? ముందు కాస్త ఎంగిలిపడు. సాయంత్రం వస్తాలే.”

ఆమె తెల్లబోయింది. “అయ్యా, మీకు మన మాట వచ్చుగా! మధ్యలో ఈయనెందుకు?”

“ఇది ఆఫీసు. ఇంట్లో మాటలు ఇక్కడ చెల్లవు,” అన్నాడు అధికారి ముఖం ముడుచుకుని.

“బక్కమ్మ ఈ గోడవతలే అరిచిందయ్యా. అదీ ‘అమ్మా’ అనే అరిచింది.”

ఆమె కాగితం మరిది ముందుకు తోసింది. “చదువు. నాకర్థమయ్యేట్టు.”

“పనిచేసే మనిషి... అజాగ్రత్త వల్ల...” అతను చదవడం ఆపి కాగితం బల్ల మీద పెట్టేశాడు. “వదినా, ఉద్యోగాలు పోతాయి. నాదీ, నీదీ.”

“పోతే పోనీ. నోరు పోదుగా!”

ఆమె కాగితం తిప్పింది. వెనక వైపు ఖాళీగా ఉంది. కలం తీసుకుని, ఉడికి ముడతలు పడ్డ వేళ్ళతో, తనకొచ్చిన తెలుగు అక్షరాలతో రాయడం మొదలుపెట్టింది.

“అది చెల్లదని చెప్పాను,” అన్నాడు అధికారి.

“చెల్లదన్న మాట మీరు కింద రాసి సంతకం పెట్టండి,” అంటూ ఆమె తలెత్తకుండా రెండో వాక్యం అందుకుంది.