పదిహేడో నాబ్

పెళ్లయిన పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం, మా ఆయన జీవితాన్ని నేను తడిగుడ్డతో తుడిచేశాను.

నిజానికి తుడిచింది సింథసైజర్‌ని. కిటికీ పక్కన దుమ్ము కప్పుకుని పడుకున్న పాత కీబోర్డు అది. దాని నెత్తిన శబ్దాన్ని మార్చే పదిహేడు గుండ్రటి నాబ్‌లు. ఒక్కొక్కదాన్నీ తిప్పి తిప్పి సందుల్లో మురికి తీసి, అన్నిటినీ ముద్దొచ్చేలా ఒకే వైపుకి నిలబెట్టాను. స్నానం చేసి వచ్చిన ఆయన తువ్వాలుతో అలాగే నిలబడిపోయారు.

"ఏమోయ్, ఇవి ముట్టుకున్నావా?"

"ముట్టుకోవడమేంటండీ, తలంటి పోశా!"

ఆ యంత్రానికి జ్ఞాపకశక్తి లేదట. నాబ్‌లు ఎక్కడ వదిలితే అదే దాని గొంతు. ఆయన తొమ్మిదేళ్లుగా వాటిని కదపలేదు.

పంతొమ్మిదేళ్లప్పుడు రాక్ బృందంలో చేరారు. గిటార్ల హోరులో ఆయన వాయించేది ఆయనకే వినపడేది కాదట. బృందం గిటార్లు తగ్గించి, సింథసైజర్ల మీద నడిచే సింథ్-పాప్‌కి మారాక, ఈ నాబ్‌లతో ఒక శబ్దం కనిపెట్టారు. ఊరూరా ఆ పాటే మోగింది. తర్వాత బృందం చెదిరిపోయింది, ఆయన వేరే కీబోర్డు మీద సబ్బుల ప్రకటనలకి వాయిస్తూ ఉండిపోయారు. ఇప్పుడు అందరూ మళ్లీ కలుస్తున్నారు. ఇవాళ నాలుగింటికి రికార్డింగ్. ఆ శబ్దం తెస్తేనే ఆయనకి చోటు, లేదంటే కంప్యూటర్‌తో కానిచ్చేస్తామని పాటగాడు ముందే చెప్పాడు.

పాత పాట పెట్టి పోల్చుకోబోయారు. ఆ శబ్దం మీద డ్రమ్ములూ గొంతూ ఎక్కి కూర్చున్నాయి. విడదీసి వినడం ఆయన వల్ల కాలేదు. హాస్టల్లో మూడేళ్లు దుప్పటి ముసుగులో ఆ పాటే విన్నదాన్ని, నా వల్ల అయింది. కళ్లు మూసుకున్నాను. ఆయన ఒక్కో నాబ్ తిప్పి వాయిస్తూ పోయారు.

"తలుపు కిర్రుమన్నట్టుందండీ."

"ఇప్పుడు?"

"నీళ్లడుగు నుంచి ఎవరో పిలుస్తున్నట్టుంది. కాస్త పైకి రానివ్వండి."

ఎండ నేల మీద పాకుతూ నా పాదాల దాకా వచ్చింది. గది మెల్లగా నీలమవుతున్నట్టు, మంచం తేలుతున్నట్టు అనిపించింది. పదహారు నాబ్‌లు కుదిరాయి. అయినా ఏదో తక్కువ.

"చివర్లో వణుకు లేదు. ఫ్యాను ఆపాక కూడా కర్టెన్ కాసేపు ఊగుతుంది చూడండి, అంత."

ఆయన పదిహేడోదాన్ని వెంట్రుకవాసి తిప్పారు.

వచ్చేసింది! నా ఇరవయ్యేళ్ల వయసు కిటికీలోంచి ఎగిరొచ్చి ఒళ్లో వాలింది.

పాటగాడికి ఫోన్ చేసి కీబోర్డు దగ్గర పెట్టారు. అవతల నుంచి ఒకటే కేక.

"అదే బావా, అదేరా! ఇన్నాళ్లూ కదపకుండా దాచావా?"

"ఎక్కడ్రా, ఇవాళే మా ఆవిడ కడిగి పెట్టింది."

నేను గోళ్లరంగు సీసా తెచ్చి, ప్రతి నాబ్ ఎదురుగా ఎర్రటి చుక్క పెట్టుకుంటూ వచ్చాను. పదహారయ్యాయి. చివరిదాన్ని ఆయన అరచేత్తో మూసేశారు.

"దీనికొద్దు."

"మర్చిపోతే?"

"ఏం, నువ్వు స్టూడియోకి రావా?"

మెట్లు దిగి వీధి మలుపు దాకా వెళ్లాక చూసుకున్నాను. నా ఎడమ కాలికి ఆయన చెప్పు ఉంది.